ఎవరి చేలో మన టెంటు?

తెలుగులో ఇప్పుడు ట్రెక్కింగ్ వ్యాసాలకి కొదవ లేదు. చాలావాటిలో ఉండేది మాత్రం ఒకటే కొండ. శుక్రవారం రాత్రి బస్సు, తెల్లారేసరికి మంచు, రొప్పుకుంటూ ఎక్కడం, పైన మనిషి అడుగు పడని పచ్చిక, దాని మీద టెంటు, చలిమంట, చుక్కలు. ఆదివారం సాయంత్రానికి కొత్త మనిషై తిరుగు ప్రయాణం. ఆ కొండని సీతంపేట అన్నా, తాటిపూడి అన్నా, మహేంద్రగిరి అన్నా వ్యాసంలో ఇంకో మాట మార్చక్కర్లేదు. బాగా రాయడం లేదని కాదు నా పేచీ. వీళ్ళలో కొందరు నాకన్నా మంచి వచనం రాస్తారు. నా పేచీ అందులో ఉన్న అబద్ధంతో. అదంతా ఒక్క మాటలో ఉంది: ఖాళీ.

సీతంపేట కొండల్నే తీసుకుందాం. (2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. మావాళ్ళకి ఇంకా నోటికి రాలేదు.) అక్కడ సవరలు, జాతాపులు పోడు చేస్తారు. వాలు మీద తుప్పలు నరికి, ఎండాక కాల్చి, వానలు పడగానే చోళ్ళు, సామలు, కందులు కలిపి జల్లుతారు. కొన్ని పంటలకి నేల బలం తగ్గుతుంది. అప్పుడు దాన్ని వదిలి పక్క వాలుకి పోతారు, కొన్నేళ్ళాగి మళ్ళీ వస్తారు. ఆ వదిలిన ఏళ్ళలో అక్కడ గడ్డీ, చిన్న చిన్న పొదలూ మొలుస్తాయి. పెద్ద చెట్లు ఉండవు కాబట్టి లోయంతా కనబడుతుంది. ఫోటోకి అంతకన్నా మంచి చోటు దొరకదు. మన వ్యాసకర్త దాన్ని పచ్చికమైదానం అంటాడు. అది బీడు పెట్టిన చేను. గట్టు లేకపోవచ్చు, కంచె లేకపోవచ్చు. ఫలానా బండ నుంచి ఫలానా చెట్టు దాకా ఫలానా ఇంటిదని ఊరందరికీ తెలుసు. మధ్యాహ్నం నీడ ఎంత బాగుందో అని మెచ్చుకునేది కూడా చాలాసార్లు ఎవరో నాటిన జీడితోటనే.

మాటే కదా, పోనిద్దురూ అనొచ్చు. పోనివ్వడానికి లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13 నాటికి ఆ నేల తమ అనుభవంలో ఉందని చూపించుకుంటే గిరిజన కుటుంబానికి దాని మీద హక్కు వస్తుంది, నాలుగు హెక్టార్లకి మించకుండా. మరి బీడులో ఉన్న పోడుకి సాక్ష్యం ఏమిటి? పంట ఉండదు. ఉపగ్రహం తీసిన బొమ్మలో పొదలు కనిపిస్తాయి. డేటాతో కుస్తీ పట్టి జీతం తీసుకునేవాణ్ణి, పచ్చగా ఉన్న పిక్సెల్‌కి ‘అడవి’ అని లేబుల్ తగిలించడం ఎంత తేలికో నాకు తెలుసు. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని ఆ చట్టం నియమాలు ఒప్పుకుంటాయి. సరే, ఒక పక్కన ఆ ముసలాయన మాట. ఇంకో పక్కన, అక్కడ నరమానవుడు లేడు, ఎంత ప్రశాంతంగా ఉందో అని ఫోటోలతో సహా మనం రాసిపెడుతున్న మాట. దేనికి ఎక్కువ చెల్లుబాటో చెప్పక్కర్లేదు.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం రాజుకున్నది అక్కడ. ఏజెన్సీ నేల గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం వచ్చింది 1970లో. ఈ నేల ఎవరిది అన్న ప్రశ్న మీద నెత్తురు పారిన కొండలివి. వాటి మీద కూర్చుని ఇది ఎవరిదీ కాదని రాయాలంటే ఎంత చదవకుండా ఉండాలి? సాహిత్యాభిమానులం అని చెప్పుకుంటాం కదా, భూషణం ‘కొండగాలి’ చదవడానికి ట్రెక్కింగ్ బూట్లు కూడా అక్కర్లేదు.

అసలు ఈ ‘ఖాళీ’ మన సరుకు కాదు. మావైపు ఫలానావాడు కొండకెళ్ళాడంటే కట్టెలకో, చీపురుకో, పోడుకో వెళ్ళాడని. మహేంద్రగిరి మీద గుళ్ళున్నాయి, శివరాత్రికి జనం ఎక్కుతారు. పనికో మొక్కుకో తప్ప కొండెక్కడం తెలియని చోట, మనుషుల్లేని ప్రకృతి అన్న ఊహ అమెరికా నుంచి దిగుమతి అయింది. యోసెమిటీ లోయలోకి 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వెళ్ళింది, అక్కడున్న అహ్వానీచీలని తరమడానికి. 1864లో ఆ లోయని ప్రజల విహారం కోసం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగిస్తూ లింకన్ సంతకం పెట్టాడు. మధ్యలో పదమూడేళ్ళు. మనుషుల్ని పంపేశాకే అది మనుషుల్లేని చోటు అయిందని విలియం క్రోనన్ 1995లోనే వాదించాడు. స్టేట్ పార్కుల్లో వారాంతం గడిపి రాసే మన ప్రవాస మిత్రుల సంగతి వేరు, అక్కడ ఖాళీ చేయించే పని ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ ఇంకా కాలేదు. మనం రాతలో ముందే కానిచ్చేస్తున్నాం.

గిడుగు రామమూర్తి పంతులుగారు తిరిగింది కూడా ఈ కొండల్లోనే. పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ సవర నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకి వ్యాకరణం అచ్చయింది. మలేరియాకి మింగిన క్వినైన్ వల్ల వినికిడి పోయిందంటారు. వ్యాకరణాలు రాయమని ఎవరినీ అడగడం లేదు. రెండు రోజులు మన బరువు మోసిన మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో రాస్తే చాలు. మన వ్యాసాల్లో అతనికి ఉండేది అమాయకపు నవ్వొక్కటే.

వెళ్ళొద్దంటావా మరి? వెళ్ళండి, నేనూ వెళతాను. పోయిన చలికాలం వెళ్ళిన క్యాంపులో నిర్వాహకుడు బస్సులోనే హెచ్చరించాడు, ఊళ్ళో వాళ్ళతో మాట కలపొద్దు, డబ్బులడుగుతారని. అడగడానికి ఆ ఊరికి ఏం హక్కు ఉందో ఆయనకి తట్టినట్టు లేదు. రాత్రి అందరూ గిటారు దగ్గర చేరాక, దారి చూపించినాయన్ని అడిగాను, ఈ చోటు ఎవరిదని.

“మా సిన్నాన్నోల్ది బాబూ. మొన్నటిదాకా కందులేసినాం. ఏనుగులొచ్చి తొక్కీసినాయి, ఒగ్గీసినాం.”

టెంట్లు వేసుకున్నందుకు మీ చిన్నాన్నకి ఏమన్నా ఇస్తారా అన్నాను.

“దేనికి బాబూ, ఇప్పుడు పంట లేదు కదా. పైయేడు ఇత్తనాలేత్తాం. అప్పుడు మాత్రం ఇక్కడికి రావొద్దని ఆ బాబుకి మీరే సెప్పండి, మేం సెప్తే ఇనడు.”