మా శవాలకు రిహార్సల్

నేను శవాలు సప్లై చేశాను. మాట కటువుగా ఉందా? సినిమావాళ్ళ లెక్కలో అదీ ఒక ఉద్యోగమే. 2009లో ఊచకోతల మీద తీస్తున్న ఒక సినిమాకి నేను అసిస్టెంటు డైరెక్టర్ని. ‘నువ్వు ఆ పల్లె నుంచి వచ్చినోడివేగా, మనుషుల్ని నువ్వే తే. మొహాల్లో ఒరిజినాలిటీ ఉంటది’ అన్నాడు డైరెక్టరు. మా ప్రకాశం జిల్లా మాదిగపల్లె నుంచి నలభై మందిని లారీ ఎక్కించుకొచ్చింది నేనే. పడుకుని చచ్చేవాళ్ళకొక రేటు, నిలబడి ఏడ్చేవాళ్ళకొక రేటు.

అంతకుముందు మూణ్ణెల్లు హైదరాబాదులో కథాచర్చలు. పల్లె నుంచి పోయినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. టీలు పోసే కుర్రాణ్ణి కలుపుకుంటే ఇద్దరం. సంతలో కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకున్నారు. కారంచేడు నుంచి మంచినీళ్ళ చెరువు, చుండూరు నుంచి గోనెసంచులు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చంపింది ఎవరో లోకమంతటికీ తెలుసు. అక్కడ కమ్మ భూస్వాములు, ఇక్కడ రెడ్లు, తెలగలు. స్క్రిప్టులో మాత్రం ‘ఒక వర్గం’ అని రాశారు. వర్గమంట! మా కులం పేరు మాత్రం ఉంచారు. తిట్టు డైలాగుల్లో కావాలి గదా.

నేను ఒకేఒక్కసారి నోరు తెరిచాను. ‘సార్, చుండూరు గొడవ మొదలైందే సినిమాహాల్లో. మా కుర్రాడి కాలు రెడ్ల కుర్రాడికి తగిలిందని. ఆ సీనుతో మొదలుపెడదాం’ అన్నాను. నిర్మాత నవ్వాడు. ‘హాళ్ళవాళ్ళే గదయ్యా మన బొమ్మ ఆడించాల్సింది’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మేసుకోవాలనిపిస్తది.

షూటింగు రోజు. చెరువు సీను. కారంచేడులో మున్నంగి సువార్త అడ్డుపడి బిందె ఎత్తిన ఆ ఘట్టమే, పేర్లు మార్చి. డైరెక్టరు చెప్పాడు: ఆవిడ బిందె జారిపోవాలి, కాళ్ళ మీద పడి బతిమాలాలి, అప్పుడు జీపులో హీరో దిగాలి. హీరో ఎవరనుకున్నారు? పెద్దింటి బిడ్డే, పట్నంలో లా చదువుకుని మనసు మారినవాడు. మా తెల్లతోలు హీరోయినుకి నల్లరంగు పూసి బిందె చేతికిచ్చారు.

జనంలో మా చిన్నమ్మ ఉంది. కారంచేడు నుంచి తరిమితే మనవాళ్ళు చీరాల చేరి శిబిరం పెట్టుకున్న రోజుల్లో, నెత్తిన బియ్యం మూట పెట్టుకుని నడిచిపోయిన మనిషి. నేరుగా మానిటర్ దగ్గరికొచ్చింది.

‘బాబూ, ఆమె కాళ్ళ మీద పడలేదు. బిందె ఎత్తింది’ అంది.

‘ఎమోషన్ రాదమ్మా’ అన్నాడు డైరెక్టరు, నా వైపు చూస్తా.

‘చిన్నమ్మా, నువ్వూరుకో. పోయి నిలబడు’ అన్నాను నేను.

ఆ మాట అన్నది రెడ్డి కాదు, కమ్మ కాదు. నేనే.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది కెమెరా పట్టుకుంటున్నారు. అందుకే చెబుతున్నా. మోసం ఎడిటింగులో జరగదు, కథ ఎక్కడ ఆపాలో తేల్చుకునేటప్పుడే జరుగుద్ది. వాళ్ళ కథ శవం దగ్గర ఆగుద్ది, లేకపోతే రక్షించేవాడి దగ్గర. మన కథ శవం దగ్గర మొదలైంది. చీరాల శిబిరం నుంచే 1985లో దళిత మహాసభ లేచింది. చుండూరువాళ్ళు తమవాళ్ళని పాతిపెట్టిన చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. కోర్టు మా ఊరికే రావాలని పట్టుబట్టి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. అది 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. ఊరు చిన్నది, సాక్షులు కూలోళ్ళు, పదహారేళ్ళు మాట మీద నిలబడ్డారు. ఇంతకంటే డ్రామా ఏం కావాలి మీకు? దీన్ని మాత్రం ‘స్లో’ అంటారు.

ఫూలన్‌దేవి సంగతి చూడండి. 1994లో ‘బాండిట్ క్వీన్’ వచ్చినప్పుడు ఆమె బతికే ఉంది. నా మానభంగాన్ని నా సమ్మతి లేకుండా తెర మీద చూపించొద్దని ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. చివరికి డబ్బుతో రాజీ కుదిరింది. బతికున్న మనిషి మాటకే ఆ గతి పడితే, కాలవలో తేలిన మనవాళ్ళని అడిగేదెవరు?

2021లో వచ్చిన ‘జై భీమ్’ చూసి నేనూ ఏడ్చాను, అబద్ధం చెప్పను. 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ చావు అది. చచ్చిపోయినాయన కురవ జాతివాడు, తెర మీద ఇరులర్ అయ్యాడు. అది అట్టాగే ఉంది. చంపిన పోలీసు ఇంటి గోడ మీద ఒక కులం గుర్తున్న క్యాలెండర్ కనిపించిందని గొడవ లేస్తే మాత్రం ఆ క్యాలెండర్ మారిపోయింది. చచ్చినోడి జాతి కంటే చంపినోడి గోడకి విలువెక్కువ.

మా సినిమా రెండు వారాలాడింది. మొదట్లో అందరికీ తెలిసిన ఆ అట్ట: ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు చుండూరు నిందితులందర్నీ వదిలేసిన రోజు నాకు ఆ అట్టే గుర్తొచ్చింది. ఎనిమిది శవాలు నిజం, చంపినవాళ్ళు కల్పితం!

చిన్నమ్మ ఆ బొమ్మ చూళ్ళేదు. కూలి డబ్బులు మాత్రం తీసుకుంది, ఎందుకొదులుకోవాలి? చాన్నాళ్ళకి ఇంటికిపోతే, గిన్నెలో అన్నం పెడతా అడిగింది.

‘చీరాల నడిచిపోయింది ఉందంట్రా అందులో?’

‘లేదు చిన్నమ్మా.’

‘బిందె?’

‘పడిపోయింది.’

ఇంకేం అడగలేదు. కూర వేసింది.