పరదేశి గొంతు

2022 ఆగస్టు 8న అమెరికాలో ఉమా పెమ్మరాజు అనే టీవీ పాత్రికేయురాలు 64 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన నర్సంపేట వైపు ఆ పేరు విన్నవారు తక్కువే. ఆమె 1958లో రాజమండ్రిలో పుట్టారు. టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో పెరిగారు. అక్కడి ట్రినిటీ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివి, ఆ ఊరి టీవీ కేంద్రంలోనూ పత్రికలోనూ పని నేర్చుకున్నారు. తర్వాత బాల్టిమోర్, బోస్టన్ నగరాల్లో వార్తలు చెప్పి పేరు తెచ్చుకున్నారు. ఎమ్మీ పురస్కారం అందుకున్నారు. 1996 అక్టోబరు 7న ఫాక్స్ న్యూస్ చానల్ మొదలైనప్పుడు, ఆ మొదటి రోజే తెరమీదికి వచ్చిన యాంకర్లలో ఆమె ఒకరు. అమెరికా దేశమంతటికీ వార్తలు చెప్పిన తొలి భారత సంతతి యాంకర్లలో ఆమెను లెక్కిస్తారు.

ఆ చానల్ రాజకీయాల గురించి వాదాలు చాలా ఉన్నాయి. వాటితో ఈ శీర్షికకు పనిలేదు. మమ్మల్ని ఆపింది వేరొక సంగతి. ఆమె పోయాక ఆ సంస్థ పెద్దలు ఇచ్చిన సంతాప ప్రకటనలో ఆమె ప్రతిభ గురించి చెప్పారు. దాంతోపాటు, తనతో పనిచేసిన ప్రతి ఒక్కరి పట్లా ఆమె చూపిన దయ గురించి ప్రత్యేకంగా చెప్పారు. వార్తల గది అంటే గడియారంతో పరుగు. క్షణం ఆలస్యమైతే కేకలు. ఒకరి తప్పు ఇంకొకరి మీదికి తోసే చోటు. దలైలామా వంటి వారిని ఇంటర్వ్యూ చేసిన మనిషి, అటువంటి గదిలో ఏళ్ల తరబడి పనిచేసి, చివరికి దయగల మనిషిగా గుర్తుండిపోవడం చిన్న విషయం కాదు.

ఆమెను క్రైస్తవురాలిగా చూపే ఉద్దేశం మాకు లేదు. మంచి ఎక్కడ కనబడినా దానిమీద మన సంఘం ముద్ర వేసుకోవాలనే తొందర మనలో కొందరికి ఉంది. అది అక్కర్లేదు. పొరుగువాడెవడు అని ధర్మశాస్త్ర పండితుడు అడిగితే ప్రభువు చూపించింది ఒక సమరయుణ్ణి. నజరేతు సమాజమందిరంలో నిలబడి ఆయన ఎత్తి చెప్పినవి సారెపతు విధవరాలి పేరూ, సిరియా దేశస్థుడైన నయమాను పేరూను. ఇంటివాళ్లకు కోపం వచ్చింది. కొండకొమ్ము దాకా తోసుకుపోయారు (లూకా 4). బయటివారి దగ్గర నేర్చుకొమ్మంటే ఇంట్లోవారికి అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే.

ఆమె పేరు సంగతే చూడండి. 1946 నాటి చట్టం ప్రకారం అమెరికాలో స్థిరపడటానికి భారతీయులకు ఏడాదికి 100 మందికే అనుమతి. 1965లో కొత్త చట్టం వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. అంటే ఆమె బాల్యంలో టెక్సాస్‌లో తెలుగువాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. 'పెమ్మరాజు' అనే ఇంటిపేరు అక్కడివారికి నోరు తిరిగేది కాదు. తెరమీదికి వచ్చేవారు పలకడానికి తేలికైన పేరు పెట్టుకోవడం ఆ దేశంలో మామూలే. ఆమె మార్చుకోలేదు. ఉమా పెమ్మరాజుగానే శాన్ ఆంటోనియోలో మొదలుపెట్టారు, ఉమా పెమ్మరాజుగానే దేశమంతటికీ తెలిశారు. వినేవాళ్లే ఆ పేరు పలకడం నేర్చుకున్నారు.

నిర్గమకాండము 23వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఒక ఆజ్ఞ ఇస్తాడు. పరదేశిని బాధపెట్టవద్దు అని. దానికి చెప్పిన కారణం గమనించదగ్గది. మీరూ ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు, కాబట్టి పరదేశి మనసు మీకు తెలుసు అంటాడు. పరదేశి కష్టం తెలుసు అని కాదు, మనసు తెలుసు అని. అక్కడ హెబ్రీలో ఉన్న మాట 'నెఫెష్'. దానికి ప్రాణం అనే అర్థం ఉంది, గొంతు అనే అర్థం కూడా ఉంది. ఆ మాట చదివిన ప్రతిసారీ పరదేశి గొంతు మీకు తెలుసు కదా అని దేవుడు అడుగుతున్నట్టు మాకు వినబడుతుంది. కొత్త బడిలో తన పేరు పిలిచినప్పుడు తరగతంతా నవ్విన పిల్లకు ఆ గొంతు తెలుసు. ఆకలి వేస్తున్నా అడగడానికి మాట రానివాడికి తెలుసు. పరాయితనం అనుభవించినవాళ్లలో రెండు రకాలుంటారు. తాను పడినది మరెవరూ పడకూడదనుకునేవారు కొందరు. తాను పడ్డాను గనుక వచ్చేవాడూ పడాలనుకునేవారు కొందరు. ఐగుప్తు నుంచి బయటపడినవారిని దేవుడు పదేపదే హెచ్చరించడానికి కారణం ఈ రెండో రకమే. ఉమా పెమ్మరాజు మొదటి రకమని ఆమెతో పనిచేసినవారి మాటలను బట్టి మేము అనుకుంటున్నాం.

పరాయివాణ్ణి పట్టించేది ముందుగా అతని యాస. న్యాయాధిపతులు 12వ అధ్యాయంలో యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపు కాశారు. దాటవచ్చిన ప్రతివాణ్ణీ 'షిబ్బోలెతు' అనమన్నారు. ఎఫ్రాయిమువాడి నాలుకకు ఆ 'ష' పలకదు, 'సిబ్బోలెతు' అనేవాడు. అనగానే నరికేశారు. ఆ కాలమున 42,000 మంది కూలారని గ్రంథం చెబుతోంది. ఒక్క అక్షరం కోసం! ఇది ఎక్కడో యొర్దాను దగ్గరి కథ అనుకోనక్కర్లేదు. 'వస్తున్నా' అంటే చదువుకున్నవాడు, 'అస్తన్న' అంటే నవ్వులాటకు పనికొచ్చేవాడు అని మన సినిమాలు ఎన్ని దశాబ్దాలు చూపలేదు? తెలంగాణ యాసలో టీవీ వార్తలు మొదలైన తర్వాతే మా ప్రాంతపు ముసలమ్మలు 'గీ పిల్ల మనలెక్కనే మాట్లాడుతంది' అని టీవీ ముందు కూర్చున్నారు. వార్త అదే. చెప్పిన గొంతు తమదనిపించింది, అంతే.

ఈ మాట సంఘాలకు ఎందుకు చెబుతున్నామంటే, ప్రసంగ వేదికల మీద యాస మార్చుకునే జబ్బు మనలో పెరుగుతోంది. ఇంట్లో 'ఏందిరా, బువ్వ తిన్నవా' అని పలకరించే యువ బోధకుడు మైకు పట్టగానే కోస్తా మాట, దానిమీద టీవీలో చూసిన ఒక విదేశీ సువార్తికుడి అరుపు కలిపి మాట్లాడతాడు. చేతులూపడం కూడా ఆయనదే. సంఘం ఆమేన్ అంటుంది, కానీ ఆ మాట చెప్పింది ఎవరో దానికి తెలియదు. సువార్తల్లో ప్రభువు అందరికన్నా ఘాటుగా గద్దించినవారికి మన తెలుగు బైబిలు పెట్టిన పేరు వేషధారులు. గ్రీకులో 'హుపొక్రితేస్' అంటే నాటకమాడేవాడు. ఆ రోజుల్లో నటులు ముఖానికి బొమ్మముఖం తగిలించుకుని రంగం ఎక్కేవారు. ఏ మహానుభావుడు 'వేషధారి' అని తెలుగు చేశాడో గాని, వీధి భాగవతం తెలిసిన ఊళ్లకు అది ఇట్టే అర్థమయ్యే మాట. వేషం వేసినవాడు చెడ్డవాడే కానక్కర్లేదు. కాకపోతే వాడి అసలు ముఖం జనానికి కనబడదు. అసలు ముఖం కనబడనివాడికి ఎవరూ తమ బాధ చెప్పుకోరు.

తెలుగువారికి ఎరుకైన ఒక ముఖం చెప్పాలంటే శాంతిస్వరూప్. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. తెరమీద అక్షరాలు చూపించే టెలిప్రాంప్టర్ లేని రోజులవి. ఆయన వార్తలు కంఠస్థం చేసుకుని వచ్చి చెప్పేవారు. చేతిలోని కాగితం వంక చూస్తూ కూర్చుంటే ఎదుటివారి కళ్లలోకి చూడటం కుదరదు కదా. 2024 ఏప్రిల్ 5న ఆయన మరణించినప్పుడు, ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడిన పెద్దవాళ్లను మేము చూశాం. ఒక్కరోజైనా ఆయనతో మాట్లాడినవారు కారు వాళ్లు.

అయితే తెరమీద కనిపించే ఆ పది నిమిషాల వెనుక పాత్రికేయులు చేసే అసలు పని ఒకటి ఉంది. అది వినడం. అడగడం కూడా వినడం కోసమే. మనకు కొరత ఉన్నది కూడా అక్కడే. మార్కు 5వ అధ్యాయంలో యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. తండ్రి పక్కనే నిలబడి తొందరపెడుతున్నాడు. దారిలో పన్నెండేళ్ల రక్తస్రావంతో బాధపడిన స్త్రీ వెనుకనుంచి వచ్చి ప్రభువు వస్త్రం ముట్టింది, బాగుపడింది. పని అయిపోయింది, కదలవచ్చు. కానీ ఆయన నిలబడిపోయాడు. నన్ను ముట్టినది ఎవరు అని అడిగాడు. ఆమె వణుకుతూ వచ్చి జరిగినదంతా చెప్పింది. పన్నెండేళ్ల కథ! ఎందరు వైద్యుల చుట్టూ తిరిగింది, ఆస్తి ఎలా కరిగిపోయింది, అంతా చెప్పే ఉంటుంది. యాయీరు ప్రాణం ఎంత కొట్టుకుని ఉంటుందో! ప్రభువు మాత్రం చివరిదాకా విన్నాడు. రోగం అప్పటికే పోయింది. ఆమెకు మిగిలినది తన మాట ఎవరైనా వినడమే. ఆ తర్వాతే కుమారీ అని పిలిచాడు.

యెహెజ్కేలు ప్రవక్త కూడా పరదేశే. బబులోను దేశంలో కెబారు నది దగ్గర, తేలాబీబు అనే చోట చెరపట్టబడినవారు కూర్చుని ఉన్నారు. చెప్పవలసిన మాటలు దేవుడు అతనికి ముందే ఇచ్చాడు, గ్రంథపుచుట్ట తినిపించి మరీ పంపాడు. అయినా అక్కడికి వెళ్లి ఏడు రోజులు వాళ్ల మధ్య నోరు మెదపకుండా కూర్చున్నాడు (యెహెజ్కేలు 3). వాళ్లు కూర్చున్నచోటనే కూర్చున్నాడు. ఏడు రోజులైన తర్వాత మళ్లీ దేవుని వాక్కు వచ్చింది. వేదాంత కళాశాలల్లో ప్రసంగం తయారుచేయడానికి సూత్రాలు బోధిస్తారు, మేమూ నేర్చుకున్నాం. ఏడు రోజులు ఊరకే కూర్చునే పాఠం మాత్రం ఏ పాఠ్యప్రణాళికలోనూ పెట్టరు. యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు ఏడు రాత్రులు మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక చెడగొట్టారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. నర్సంపేట చుట్టుపక్కల ఏ సంఘంలో చూసినా ఒకరిద్దరి పిల్లలు డల్లాస్‌లోనో, చికాగోలోనో ఉన్నారు. చదువు కోసం పోయినవారు, ఉద్యోగం దొరికినవారు, వీసా కాగితం కోసం ఎదురుచూస్తున్నవారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తల్లులు అడిగే ప్రార్థన ఒక్కటే. అయ్యగారూ, మా పిల్లకు అక్కడ ఎవరైనా మంచివాళ్లు తగిలేటట్టు ప్రార్థన చేయండి. వాళ్లు డబ్బు అడగరు. పరాయి దేశంలో తమ పిల్లను పేరుపెట్టి పిలిచే ఒక మనిషి కావాలంటారు.

అదే ప్రార్థన మన ఊళ్ల గురించి చేసే తల్లులు ఉన్నారని మనకు తోచదు. మన ప్రాంతంలో మిరప కోతల కాలం వస్తే ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి కూలీలు వస్తారు. చేల గట్లమీద గుడిసెలు వేసుకుంటారు. ఘాటుకు కళ్లు మండుతుంటే ఏరుతారు. 2025లో చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమంతా సంతోషించాం. తగిన సంతోషమే. ఆ కాయ ఏరిన చేతుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, పక్కనున్న ములుగు జిల్లా మిరప చేలల్లో పనికి వచ్చిన ఒక 12 ఏళ్ల బాలిక తనవాళ్లతో కలిసి అడవిదారిన నడిచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి బయలుదేరింది. మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇక కొద్ది దూరమే ఉందనగా ప్రాణం విడిచింది. ఆ తర్వాత ఆమె పేరు దేశమంతా మోగింది. చేలో ఉన్నన్నాళ్లూ ఆమెను ఎవరూ ఏమీ అడిగి ఉండరు. కూలీ ఇచ్చేటప్పుడు తలలు లెక్కపెడతారు గాని, పేర్లు రాసుకోరు.

రాజమండ్రిలో పుట్టిన ఆడపిల్ల అమెరికా తెరమీదికి ఎక్కితే 'మన అమ్మాయి' అని చెప్పుకుంటాం. బీజాపూర్ నుంచి వచ్చి మన చేలో వంగి ఉన్న పిల్ల ఎవరి అమ్మాయి?

ఈసారి కోతల కాలానికి సంఘాలు ఒక పని చేయవచ్చు. ఒక ఆదివారం సాయంత్రం నలుగురైదుగురు కలిసి ఆ గుడిసెల దగ్గరికి వెళ్లండి. వాళ్లలో చాలామంది మాట్లాడేది కోయ, గోండి. మన సంఘాల్లో కొత్తగూడ, గంగారం వైపు నుంచి వచ్చిన కోయ కుటుంబాలు ఉన్నాయి. ఇన్నాళ్లూ వెనుక వరుసలో కూర్చున్న ఆ అక్కలనూ అన్నలనూ ముందు నడవమనండి, మాట వాళ్లకే వస్తుంది. మొదటి రోజు మైకు వద్దు, కరపత్రాలు వద్దు, ఫొటోలు అసలే వద్దు. వాళ్లు కూర్చున్నచోటనే కూర్చోండి. నీ పేరేంది, ఏ ఊరు, ఇంటికాడ ఎవరున్నరు, కోతలయినంక ఎట్ల పోతరు. ఆ సాయంత్రానికి ఈ నాలుగు అడిగి, వాళ్లు చెప్పినంతసేపూ విని రండి.