గిల్టు నగ

చిన్న ట్రాఫిక్ తప్పు చేసి బాధపడుతున్న మనిషికి మనం ఇచ్చే ఓదార్పులు మూడు రకాలు. ఒకటి: "అందరూ చేసేదే, వదిలెయ్." రెండు: "చలానా కట్టేశావుగా, ఇంకేంటి?" మూడోది సాహిత్యం చదివేవాళ్ళ మధ్యే చెల్లుబాటయ్యేది: "దాని గురించి రాయి, తేలికవుతుంది." మూడూ ప్రేమతో చెప్పేవే. మూడూ తప్పే. మొదటిది తప్పుని గుంపులో కలిపేస్తుంది. రెండోది కొనేసుకోమంటుంది. మూడోది అలంకరించుకోమంటుంది. ఆ తప్పు వల్ల దెబ్బ తినాల్సిన మనిషి, అంటే రోడ్డు దాటడానికి అంచున నిలబడినవాడు, ఈ మూడింటిలోనూ కనిపించడు.

ఇంగ్లీషు గిల్ట్ మన కబుర్లలోకి రాకముందే తెలుగులో గిల్టు ఉంది. గిల్టు గాజులు, గిల్టు గొలుసు. పైన బంగారు పూత, లోపల ఇత్తడి. నగరాల్లో బండి నడిపే చదువుకున్న యువతరం గిల్ట్ చాలామటుకు ఈ గిల్టే అని నా అభియోగం. నిజం బంగారమో కాదో తేలాలంటే గీటురాయి కావాలి కదా. అది నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో దొరుకుతుంది.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే ఓ ఉదయగిరి కుర్రాణ్ణి ఊహించుకోండి. సిగ్నల్ ఎర్రబడ్డాక గీత దాటాడు. చలానా మెసేజ్ వచ్చిందేమోనని రెండు రోజులు ఫోన్ చూసుకుంటాడు. "గిల్టీగా ఉంది రా" అని రూమ్మేట్‌తో అంటాడు కూడా. అదే కుర్రాడు సంక్రాంతికి ఊరొచ్చాడు. ఆత్మకూరులో పనుండి బండి తీశాడు. హెల్మెట్ ఇంట్లో మేకుకి వేలాడుతోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుంది. "ఏందన్నా, మనూళ్ళో కూడా హెల్మెట్టా?" అని వీధిలో తమ్ముడి వరసవాడు నవ్వితే ఇతనూ నవ్వాడు. అడుగడుగునా కెమెరా లేదు. ఆ రాత్రి అతనికి హాయిగా నిద్ర పట్టింది.

ఆ రోడ్డు మీద ఎవరెవరుంటారో కూడా ఊహించండి. గొర్రెల మందని తోలుకొచ్చే కాపరి. బడి వదిలాక తారు అంచున నడిచే పిల్లలు. చీకటిపడ్డాక లైటు లేని సైకిలు. ఏ.ఎస్.పేట దర్గాకి ఆటోలో కిక్కిరిసి పోయే కుటుంబాలు. తిరనాళ్ళప్పుడైతే నర్రవాడ వెంగమాంబ గుడికి పోయే జనం. వీళ్ళకి ఫుట్‌పాత్ లేదు, మధ్యలో డివైడర్ లేదు. పెద్ద దెబ్బ తగిలితే పెద్దాసుపత్రి అంటే నెల్లూరే. నగరంలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కార్ల కంటే వీళ్ళే మన నిర్లక్ష్యానికి తొందరగా బలయ్యేవాళ్ళు. అంటే తప్పు బరువు పెరిగిన చోటే బాధ మాయమైంది. మరి హైదరాబాదులో ఉన్నదేమిటి? దొరికిపోతానన్న భయం. భయం చెడ్డదేం కాదు, అదీ ప్రాణాలు కాపాడుతుంది. దానికి మనస్సాక్షి అని పేరు పెట్టుకుని మురిసిపోవడంతోనే నా పేచీ.

ఈ పొరపాటుకి ప్రభుత్వాలు కూడా తమ వంతు సాయం చేశాయి. 2022 మార్చిలో తెలంగాణలో పేరుకుపోయిన చలానాల మీద రాయితీ ప్రకటించారు. టూ వీలర్ల వాళ్ళు నాలుగో వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరు చివర్లో మళ్ళీ ప్రకటించారు. ఈసారి టూ వీలర్లకి 80 శాతం తగ్గింపు, గడువు పొడిగింపులతో సహా. ఖజానాకి డబ్బు వచ్చి ఉంటుంది, పాత బాకీల దస్త్రాలు తేలికై ఉంటాయి. కానీ పౌరుడు ఏం నేర్చుకున్నాడు? ఓపిక పడితే తప్పు కూడా చవగ్గా దొరుకుతుందని. పండగ సేల్‌లో చొక్కా కొన్నట్టు "నాలుగు వేలవి ఎనిమిది వందల్లో క్లియర్ చేసేశా" అనుకోవచ్చని.

డబ్బు చెల్లించాక సిగ్గు ఎటు పోతుందో చూపించిన పరిశోధన ఒకటుంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల్ని సాయంత్రం ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రుల మీద కొన్ని డే కేర్ కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. గ్నీజీ, రుస్టికీనీ అనే ఆర్థికవేత్తలు 2000లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. టీచర్ ఎదురుచూస్తోందన్న మొహమాటం పోయి, అదనపు సమయానికి రేటు కట్టిన ధీమా వచ్చింది. ఆ తర్వాత జరిమానా ఎత్తేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. మన చలానాకి అచ్చంగా ఇదే జరిగిందని చెప్పను. జరిమానా గట్టిగా ఉంటే, తప్పకుండా పడుతుందని తెలిస్తే పనిచేస్తుంది. నా మాట ఇంతే: రసీదు రాగానే మనసు తేలికపడిందంటే ఆ బరువు మొదట్నుంచీ డబ్బుదే.

ఇక "చిన్న తప్పు" సంగతి. ఎంత చిన్నది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. హెల్మెట్ లేకపోవడం చట్టం దృష్టిలో చిన్న తప్పే, 2019 సవరణ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. "నా తల, నా ఇష్టం" అనేవాళ్ళు ఆ వెనక సీటు లెక్క ఒకసారి చూడాలి. ఆ సీట్లో కూర్చునేది ఎక్కువసార్లు మన చెల్లెలో, అమ్మో, స్నేహితుడో.

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు నైతికతలో అదృష్టం పాత్ర గురించి ఒకే వేదిక మీద చర్చించారు. నేగెల్ అడిగింది మనందరికీ తగిలే ప్రశ్న. ఇద్దరు డ్రైవర్లు ఒకే రకం నిర్లక్ష్యం చేశారు. ఒకడి బండికి పిల్లవాడు అడ్డం వచ్చాడు, రెండోవాడికి రాలేదు. మొదటివాడిని హంతకుడిలా చూస్తాం, రెండోవాడిని అసలు చూడనే చూడం. ఇద్దరూ చేసింది మాత్రం ఒకటే. మనం "చిన్నది" అనే ప్రతి తప్పూ ఈ రెండోవాడి తప్పు. చిన్నదిగా మిగలడం మన గొప్ప కాదు. ఆ క్షణంలో ఆ మలుపులో ఎవరూ లేకపోవడం, అంతే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. "సిటీలో కూర్చుని నీతులు చెప్తున్నారు. ఆఖరి బస్సు తప్పిపోతే కూలికెళ్ళిన ముగ్గురూ ఒకే బండి మీద రాక ఏం చేస్తారు? వెయ్యి రూపాయలు మీకు ఓ సాయంత్రం తిండి ఖర్చు, వాళ్ళకి రెండు మూడు రోజుల కూలి." ఇది నిజం. కాదనలేను. బస్సు లేని చోట ముగ్గురెక్కిన బండినీ, ఖాళీ రోడ్డు దొరికిందని వంద దాటించిన బండినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే ఈ వాదన ఎవరి నోట వస్తోందో గమనించారా? ఎక్కువసార్లు ఆ కూలీల నోట కాదు, వాళ్ళని చూపించి తప్పుకునే మన నోట. వాళ్ళకి పోలీసు భయం ఉంది, తప్పనిసరి ఉంది. గత్యంతరం ఉండి కూడా తప్పు చేసినవాళ్ళం మనం. అంచేత బాధ పడాల్సిన వంతు కూడా ముందు మనదే.

నిజంగానే నలిగిపోయేవాళ్ళు లేరా? ఉన్నారు. బండి ఎవరికో రాసుకుంటుంది. "ఏం కాలేదులే నాయనా, పో" అని ఆ పెద్దాయన దులుపుకుని లేస్తాడు. ఆ మాట పట్టుకుని వచ్చేసినవాళ్ళకి నెలల తరబడి ఆ దృశ్యం కళ్ళముందు మెదులుతుంది. వాళ్ళని వెక్కిరించను. విలియమ్స్ కూడా వాళ్ళ పక్షమే. తన తప్పేమీ లేకుండానే ఒకరిని గుద్దిన లారీ డ్రైవర్ని మనం ఓదారుస్తాం, నిజమే. కానీ ఆ ఓదార్పుకి అతను మరీ తొందరగా ఒప్పేసుకుంటే మనకే అతని మీద అనుమానం వస్తుందంటాడాయన. కొంత బాధ మనిషి లక్షణం.

కానీ ఆ బాధ ఎవరి చుట్టూ తిరుగుతోంది? "నేనెలాంటివాణ్ణి? నేను చెడ్డవాణ్ణా?" అన్నీ నేనులే. పెద్దాయన మోకాలి సంగతి అందులో లేదు. ఇలాంటప్పుడు మోటారు వాహనాల చట్టం మన ఆత్మకథల కంటే మెరుగ్గా మాట్లాడుతుంది. 134వ సెక్షన్ డ్రైవర్ని పశ్చాత్తాపపడమని అడగదు. దెబ్బ తగిలినవాడికి వైద్యం అందేలా చూడమంటుంది, పోలీసులకి చెప్పమంటుంది, 24 గంటలు మించకుండా. జనం కొడతారన్న పరిస్థితి ఉంటే ఆ చికిత్స బాధ్యత విషయంలో మినహాయింపు కూడా ఇస్తుంది. అంటే మన భయాలు కూడా దానికి తెలుసు. అయినా చూపు మాత్రం గాయపడ్డవాడి మీదే ఉంచింది.

మన వ్యాసాలు ఆ చూపు తిప్పేస్తాయి. ఒప్పుకోలు రచనల మీద నా ఫిర్యాదు అదే. "ఆ రోజు నేను..." అని మొదలై, రచయిత సున్నితత్వానికి నాలుగు మంచి మాటలు సంపాదించి ముగుస్తాయి. దెబ్బ తిన్నవాడు అందులో ఓ ఉపమానం. కామెంట్లలో అందరూ రచయితనే క్షమిస్తారు. క్షమించే హక్కు వాళ్ళకెవరిచ్చారు?

కాబట్టి తేలికవ్వాలని చూడకండి. ఆ బాధని పనిలో పెట్టండి. గుద్దితే ఆగండి. "పెద్దాయనా, ఎక్కడ తగిలింది? ఆస్పత్రికి పోదాం రా" అనండి, ఆయన వద్దన్నా రెండోసారి అడగండి. మర్నాడు వెళ్ళి చూడండి. ఎవరికీ ఏమీ కాకపోతే ఆ తప్పు మీ అలవాట్లలో ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోండి. ఆలస్యంగా బయల్దేరడమా, ఫోనా, రెండో హెల్మెట్ కొనకపోవడమా? దాన్ని మార్చండి. చలానా మొత్తం కట్టండి, తగ్గింపు కోసం కాచుకోకుండా. ఆ తర్వాత కూడా బాధ కాస్త మిగిలితే మిగలనివ్వండి, అదేం రోగం కాదు.

ఇవన్నీ చేశాక మీది బంగారమో గిల్టో నన్నో, ఫేస్‌బుక్ మిత్రుల్నో అడగక్కర్లేదు. ఈసారి పండక్కి ఉదయగిరి రోడ్డెక్కేముందు మేకుకున్న హెల్మెట్ తీశారా లేదా, అదొక్కటి చూసుకోండి.