ఎల్కలు రాలినయంటె నవ్వుకోకుర్రి

అద్దరాత్రి మంచిర్యాల టేషన్ల బండి కోసం కూసున్నోళ్లకు పట్టాల నడుమ ఉరికే పందికొక్కులు కొత్త గాదు. కరీంనగర్ బస్టాండుకు పో, ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పో, గదే ముచ్చట. కాళ్లు పైకి వెట్టుకుంటం, మల్ల ఫోన్ సూస్కుంటం. గని ఎల్కను లెక్కవెట్టుడు గూడ ఆరోగ్య శాఖ పనే. 1994 మనకు నేర్పిన పాఠం గిదే.

ఆ ఏడు ఆగస్టుల మహారాష్ట్ర బీడ్ జిల్లా మామ్లా ఊళ్లె ముందుగాల ఎల్కలు రాలినయ్. వాటి ఒంటి మీద రక్తం తాగే దుంకుడు పురుగులు, అంటె ఫ్లీలు, ఇండ్లల్ల ఎక్కువైనయ్. ఆ తర్వాతనే మనుషులకు జెరం, గజ్జల్ల బిళ్లలు. సెప్టెంబర్ల సూరత్‌ల ఊపిరితిత్తుల ప్లేగు అనంగనే లక్షల మంది రైళ్లెక్కిన్రు. అక్కడి మగ్గాల మీద మన పద్మశాలీలు గూడ బతుకుతున్నరు. దేశమంత గలిపి సచ్చిపోయింది 50 మందికి పైన. భయం మాత్రం ప్రతి ఊరికి వచ్చింది.

ఎల్క సచ్చి సల్లవడంగనే ఫ్లీ దాన్ని ఇడిసి వెచ్చటి ఒంటిని ఎతుక్కుంటది. కుట్టినంక రోగం బయటపడెతందుకు ఒకటి నుంచి ఏడు దినాలు. బండి అంతకన్న ముందే మనిషిని ఊళ్లె దించుతది. గందుకే టేషన్ల జెరం సూసుడొక్కటే సాలదు. మనిషి కన్న ముందు ఎల్కనే చెప్తది.

పని గూడ పెద్ద కర్సుది గాదు. మాపటికి గోదాంల బోన్లు వెట్టాలె, పొద్దుగాల తియ్యాలె. ఫ్లీలను దువ్వి లెక్కవెట్టాలె. ఎల్కకు సగటున ఒకటి కన్న ఎక్కువుంటె హెచ్చరిక. రక్తం ల్యాబుకు పంపాలె. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం బెంగళూరు యూనిట్ ఇట్లాంటి పనే చేస్తది.

ఇయ్యాల మనకాడ ప్లేగు ఉన్నదని అంటలేను. 2002ల హిమాచల్‌ల, 2004ల ఉత్తరాఖండ్‌ల వచ్చింది, అక్కడ్నే ఆగింది. తొందరగ పట్టుకుంటె మామూలు యాంటీబయాటిక్‌కే తగ్గుతది. గని ఆదిలాబాద్ రైలు పట్టాలు నాందేడ్ దిక్కే పోతయ్. కాజీపేట-బల్లార్షా లైను, 44 నంబర్ హైవే గూడ మహారాష్ట్రకే. బియ్యం, పత్తి, మనుషులు అన్నీ గా తొవ్వలనే.

ఇంకో మాట. ఎల్కలు కుప్పగ సస్తె మందు వెట్టి మిగిలినయి సంపుడు తప్పు. ముందుగాల ఫ్లీలను సంపాలె, లేకుంటె అవి మనుషుల మీదికే దుంకుతయ్. గా దెబ్బ మొదలు తాకేది బస్తాలు మోసే హమాలీకి, టేషన్ ఊడ్సే అక్కకు. చేతులకు గ్లౌజులు లేకుండ సచ్చిన ఎల్కను ఎత్తేది వాళ్లే గద.

గందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, గోదాంకాడ ఎల్కలు రాలితె వీడియో తీసి నవ్వుకోకుర్రి. ముట్టకుండ పీహెచ్‌సీకి చెప్పుర్రి. మీ టేషన్ల, మీ బస్టాండుల బోన్లు ఎప్పుడు వెట్టిన్రు, ఏం దొర్కింది అని సమాచార హక్కు కింద అడుగుర్రి. దరఖాస్తుకు పది రూపాయలు. గా లెక్క హమాలీకి గూడ కనవడేటట్టు గోడ మీద రాయాలె.