వ్యాపార రేఖాచిత్రాలలో రోజుల రంగులు

అంకెలు అబద్ధమాడవని వాణిజ్యశాస్త్ర విద్యార్థులు విశ్వసిస్తారు. అంకె అబద్ధమాడకపోవచ్చును గాని, ఏ రోజు అంకె పక్కన ఏ రోజు అంకెను నిలబెట్టినామన్న దానిని బట్టి అది మనలను తప్పుదారి పట్టించగలదు. సెలవునాటి అమ్మకాన్ని పనిదినపు అమ్మకంతోను, పండుగ ముందునాటి గిరాకీని పండుగ మర్నాటి గిరాకీతోను కలిపి ఒకే రంగు పట్టీలుగా గీసి చూపే చార్టు అటువంటిదే. దినాల స్వభావాన్ని అనుసరించి రంగు మార్చడం అలంకారం కాదు, లెక్కలో భాగమని నా అభిప్రాయం.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. మన గోడల మీది క్యాలెండరు ఆదివారాలను, సెలవు దినాలను ఎర్ర అంకెలతో చూపుతుంది; చదువురాని వారు సైతం దానిని చదువుకుంటారు. వ్యాపార గణాంకాలను గీతలుగా చూపే పద్ధతికి ఆద్యుడని పేరొందిన విలియం ప్లేఫేర్ 1786లో వెలువరించిన గ్రంథంలో ఇంగ్లండు ఎగుమతి దిగుమతుల పటాలకు చేతితో రంగులద్దించినాడు. అయితే అవి సంవత్సరాల లెక్కలు. రోజువారీ లెక్కకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది.

చార్మినారు చుట్టుపట్ల ఒక వస్త్ర దుకాణాన్ని ఊహించండి. 2024లో రంజాన్ ఉపవాసాలు మార్చి 12న ఆరంభమై, ఏప్రిల్ 11న ఈద్ జరిగింది. 2025లో ఉపవాసాలు మార్చి 2న ఆరంభమై, మార్చి 31న ఈద్ వచ్చింది. ఉగాది సైతం 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న పడింది. అనగా మొదటి సంవత్సరం ఏప్రిల్‌లో ఉన్న రెండు పండుగలూ మరుసటి సంవత్సరం మార్చిలోనికి వచ్చి చేరినవి. ఏకవర్ణపు చార్టును నమ్మిన యజమానికి 2025 మార్చిలో వ్యాపారం విజృంభించినట్లు, ఏప్రిల్‌లో కుప్పకూలినట్లు తోస్తుంది. నిజానికి దుకాణం ఉన్నచోటనే ఉన్నది, కదిలినది చంద్రుడు! ఆ ఏప్రిల్ పట్టీలను చూసి కౌంటరు వద్ద నిలబడే కుర్రవానిని పనిలోనుండి తీసివేస్తే, ఆ నష్టాన్ని ఏ ఖాతాలో వ్రాయాలి?

ఉగాది అధికమాసం పుణ్యమా అని మార్చి, ఏప్రిల్ నెలలను దాటిపోదు. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులే. అందులో అధికమాసం లేదు. కనుక రంజాన్ ఏటేటా పది పదకొండు రోజులు ముందుగా వస్తూ, సుమారు 33 సంవత్సరాలలో ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. నిరుటి ఇదే నెలతో పోల్చి చూడమనే పాఠ్యపుస్తకపు సూత్రం మన బజారులో అడుగడుగునా తడబడేది ఇందుచేతనే.

మరి ఏ రంగు దేనికి? రంజానుకు ఆకుపచ్చ, ఉగాదికి పసుపు అని పంచిపెట్టాలని విద్యార్థి మిత్రులకు తోచవచ్చు. చూడముచ్చటగానే ఉంటుంది, కాని అది పొరపాటు. 2025లో ఉగాది, చాంద్ రాత్ రెండూ మార్చి 30నే వచ్చినవి. ఆ ఒక్క పట్టీకి ఏ రంగు వేస్తారు? రంగు పొందవలసినది మతం కాదు, ఆనాటి బేరం స్వభావం. పైగా రంజాన్ నెల అంతా ఒకే రకపు రోజులు కావు. తొలి వారాలలో పగటి బజారు మందకొడిగా సాగి, ఇఫ్తారు తరువాత వీధులు మేలుకుంటాయి. చివరి పది రోజులలో గిరాకీ పెరుగుతుంది. చాంద్ రాత్ నాడు తెల్లవారుజాము దాకా సందడే. ఈద్ నాడు పెక్కు దుకాణాలు మూతబడతాయి. కాబట్టి చాంద్ రాత్‌కు, ఉగాది ముందురోజుకు ఒకే ముదురు రంగు. ఈద్‌కు, వారపు సెలవుకు ఒకే లేత బూడిద రంగు. మూడు, మహా అయితే నాలుగు రంగులు చాలును. ఒక చిన్న మెలిక కూడా ఉన్నది: అర్ధరాత్రి దాటిన బిల్లులను కంప్యూటరు ఈద్ తేదీకి చేరుస్తుంది. మూసిన దుకాణంలో అమ్మకాలు సాగినట్లు కనబడుతుంది! వాటిని ముందునాటి పద్దుకు మార్చనిదే రంగు సైతం అబద్ధమాడుతుంది.

ఎరుపును మాత్రం నేను సిఫారసు చేయను. క్యాలెండరులో ఎరుపు సెలవు, ఖాతా పుస్తకంలో ఎరుపు నష్టం. చూపరి ఏది గ్రహిస్తాడో చెప్పలేము. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కన్నులు గలవారు కూడా మన మధ్య ఉన్నారు. పురుషులలో ఈ లోపం మరీ అరుదు కాదు. ఆ రెండింటినీ పక్కపక్కన వాడరాదు. జిరాక్సు తీసినప్పటికీ తెలిసేటట్లు గీతల నింపుడు కూడా జోడిస్తే మేలు.

గీయడంలో కష్టమేమీ లేదు. తేదీ పక్కన ఆ దినపు రకాన్ని తెలిపే గడి ఒకటి ఉంటే, రకానికొక వరుసగా అంకెలను విడదీసి రంగులు వేయవచ్చు. ఆదివారమేదో యంత్రం తానే చెప్పగలదు. పండుగను, బందును, పెళ్ళిళ్ళ ముహూర్తాలను మనిషి వ్రాయాలి.

కమిటీ పెద్దలకు ఒక మనవి. కళాశాల హాజరు చార్టు కూడా ఇటువంటిదే. శుక్రవారం మధ్యాహ్నాలను, రంజాన్ చివరి రోజులను, సంక్రాంతికి ఊళ్ళకు బయలుదేరే దినాన్ని, బస్సుల సమ్మెనాటిని మామూలు రోజులతో కలిపి సగటు తీస్తే, ఆ నింద విద్యార్థులపైన, అధ్యాపకులపైన పడుతుంది. వచ్చే విద్యాసంవత్సరం నుండి హాజరు పట్టికలో ‘దినస్వభావం’ అనే గడి ఒకటి చేర్చి, చార్టు గీసే పనిని కామర్సు విద్యార్థులకు అప్పగించవలెనని కోరుతున్నాను. ఆ గడిని జూన్ నెలలోనే ఏడాది పొడుగునా నింపివేయడం సాధ్యపడదు. నెలవంక కనబడేదాకా ఆగవలసిన తేదీలు అందులో కొన్ని ఉంటాయి.