పిడికెడు గుండె - ఆగని పని



ఈ నెల మన ఆరోగ్య శీర్షికలో గుండెను గురించి, అది తోసే రక్తాన్ని గురించి, ఆ రక్తం పారే నాళాలను గురించి తెలుసుకుందాం. ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి నాకొక కారణం ఉంది. ముందు అది చెబుతాను.

మా పెద్దన్నయ్యకు అప్పుడు యాభై రెండేళ్ళు. పొలమూ, చిన్న కిరాణా కొట్టూ రెండూ చూసుకునేవాడు. ఒక రాత్రి భోజనం చేసి పడుకున్నాక, రొమ్ము మధ్యలో బరువు పెట్టినట్టుందన్నాడు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. వదిన వాము నమలమని ఇచ్చింది. పిల్లవాడు పరుగెత్తి సోడా తెచ్చాడు. "గ్యాసేలే, తెల్లారేసరికి అదే తగ్గుతుంది" అని అన్నయ్యే అందరికీ ధైర్యం చెప్పాడు. తెల్లవారింది గాని అన్నయ్య లేవలేదు. నెలనెలా అందరికీ ఆరోగ్యం గురించి రాసే నేను, నా సొంత అన్నకు ఈ నాలుగు మాటలూ ఎన్నడూ చెప్పలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

రెండు పంపులు, నాలుగు గదులు

మీ చేతిని పిడికిలి బిగించి చూడండి. మీ గుండె దాదాపు అంత ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 300 గ్రాములు. రొమ్ము ఎముక వెనుక, రెండు ఊపిరితిత్తుల నడుమ, కొన కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. లోపల నాలుగు గదులు. పైవి కర్ణికలు, కిందివి జఠరికలు. కుడి, ఎడమ భాగాల మధ్య ఒక గోడ ఉంటుంది. కాబట్టి గుండె ఒక పంపు కాదు, పక్కపక్కనే ఉన్న రెండు పంపులు.

ఒళ్ళంతా తిరిగి వచ్చిన రక్తం కుడివైపుకు చేరుతుంది. అక్కడి నుండి ఊపిరితిత్తులకు వెళ్ళి, బొగ్గుపులుసు వాయువును వదలి, ప్రాణవాయువును నింపుకొని ఎడమవైపుకు వస్తుంది. ఎడమ జఠరిక దానిని బృహద్ధమనిలోకి తోస్తుంది. తల మొదలు కాలివేళ్ళ వరకు పంపవలసిన బాధ్యత దానిదే గనుక దాని గోడ కుడివైపు గోడకంటే బాగా మందంగా ఉంటుంది. రక్తం వెనుకకు పోకుండా నాలుగు కవాటాలు తలుపుల్లా పనిచేస్తాయి. డాక్టరు స్టెతస్కోపు పెట్టి వినే 'లబ్ - డబ్' శబ్దాలు ఈ తలుపులు మూసుకునే చప్పుళ్ళే.

విశ్రాంతిగా కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని తోస్తుంది. అంటే నిమిషానికి అయిదు లీటర్లు. రోజుకు లెక్క వేస్తే 7,000 లీటర్లకు పైమాటే! మరి గుండెకు విశ్రాంతి లేదా? ఉంది. ఒక్కో దెబ్బకు పట్టే 0.8 సెకనులో జఠరికలు ముడుచుకునేది దాదాపు 0.3 సెకను మాత్రమే. మిగిలిన 0.5 సెకను అవి సడలి రక్తంతో నిండుతాయి. రోజు మొత్తం మీద చూస్తే తొమ్మిది గంటల పని, పదిహేను గంటల విశ్రాంతి. కాని ఆ విశ్రాంతి అంతా దెబ్బకూ దెబ్బకూ మధ్య దొరికేదే.

ఒక చిన్న లెక్క

పూర్వం వైద్యులు, తిన్న ఆహారం నుండి కాలేయంలో ఎప్పటికప్పుడు కొత్త రక్తం తయారై ఒంట్లో ఖర్చయిపోతుందని నమ్మేవారు. ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే అనే వైద్యుడు ఒక లెక్క వేశాడు. ఒక్కో దెబ్బకు గుండె తోసే రక్తం ఎంత తక్కువని వేసుకున్నా, అరగంటలో అది ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతోంది. ఇంత రక్తం తిండి నుండి ఎలా పుడుతుంది? అది తిరిగి తిరిగి గుండెకే రావాలి! 1628లో ఈ సంగతిని పుస్తకంగా ప్రకటించాడు. అయితే ధమనుల నుండి సిరలలోకి రక్తం ఏ దారిన పోతుందో ఆయన కంటికి కనబడలేదు. ఆయన 1657లో కన్నుమూశాడు. నాలుగేళ్ళ తరువాత, 1661లో, ఇటలీ దేశపు మాల్పీజీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి, వెంట్రుక కంటె సన్నని రక్తకేశనాళికలను కనుగొన్నాడు.

రక్తంలో ఏముంది?

పెద్దవారి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. సగానికి కొంచెం ఎక్కువ భాగం ప్లాస్మా అనే లేత పసుపు ద్రవం. అందులో చాలా భాగం నీరే. ఆహారసారం, లవణాలు, హార్మోనులు దానిలో కలిసి ప్రయాణిస్తాయి. మిగిలినవి కణాలు. ఎర్ర కణాలలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోస్తుంది. అందులో ఇనుము ఉంది గనుకనే ఆహారంలో ఇనుము చాలకపోతే మనిషి పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఆ తరువాత దాని స్థానంలో ఎముక మజ్జలో పుట్టిన కొత్త కణం వస్తుంది. తెల్ల కణాలు రోగక్రిములతో పోరాడతాయి. ప్లేట్‌లెట్లు గాయమైన చోట చేరి, రక్తం గడ్డకట్టేలా చేసి కారడాన్ని ఆపుతాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

గుండెకు అన్నం పెట్టేదెవరు?

గుండె గదుల నిండా రక్తం ఉన్నా, గుండె కండరం అందులో నుండి తన ఆకలి తీర్చుకోలేదు. బృహద్ధమని మొదట్లోనే చీలే కరోనరీ ధమనులు అనే రెండు సన్నని నాళాలు దానికి రక్తాన్ని అందిస్తాయి. ఊరందరికీ వండి వడ్డించే వంటమనిషికి కూడా తన విస్తరి వేరుగా ఉన్నట్టే ఇది.

పొగాకు, అధిక రక్తపోటు, చక్కెర వ్యాధి, రక్తంలో ఎక్కువైన కొలెస్టరాల్ - ఇవి ఏళ్ళ తరబడి ఈ నాళాల లోపలి గోడను పాడుచేస్తాయి. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొవ్వు పొర చిట్లుతుంది. ప్లేట్‌లెట్లు దానిని గాయమనుకొని పరుగెత్తుకొస్తాయి. ప్రాణం కాపాడవలసిన గడ్డ, నాళాన్ని మూసివేస్తుంది. ఆ నాళం మీద ఆధారపడిన కండరం ప్రాణవాయువు లేక క్రమంగా చచ్చిపోతుంది. గుండెపోటు అంటే ఇదే. చచ్చిన కండరం మళ్ళీ మొలవదు. కాని త్వరగా ఆసుపత్రి చేరితే గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉంది, నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ ఉంది. ఎంత త్వరగా వెళితే అంత కండరం దక్కుతుంది. మా అన్నయ్య ఇంట్లో ఆ రాత్రి మేము పోగొట్టుకున్నది ఆ సమయమే.

గుర్తుంచుకోవలసిన మాటలు

రొమ్ము మధ్యలో బరువు, బిగింపు లేదా మంట. అది ఎడమచేతికి, దవడకు, వీపుకు పాకడం. చల్లని చెమట, ఆయాసం, వాంతి వచ్చేట్టుండడం. ఇవి గుండెపోటు గుర్తులు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, స్త్రీలలో, వయసు మళ్ళినవారిలో ఒక్కొక్కసారి నొప్పే లేకుండా ఆయాసమూ, నీరసమూ మాత్రమే రావచ్చు.

ఇలాంటప్పుడు సోడాలతో, వాముతో ఎదురుచూడవద్దు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. రోగిని నడిపించకండి, మెట్లెక్కించకండి, బండి నడపనివ్వకండి. ఇ.సి.జి. తీయగల ఆసుపత్రికే తీసుకువెళ్ళండి. మొదటి ఇ.సి.జి. బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయమని అడగండి. మనిషి స్పృహ తప్పి శ్వాస ఆగిపోతే, రొమ్ము మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. సహాయం వచ్చేదాకా ఆపవద్దు.

ఇక నెమ్మదిగా చేయవలసిన పనులు. చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ మానండి. ఉప్పు మనిషికి రోజుకు ఒక టీ చెంచాకు మించనీయకండి. ఊరగాయలూ, అప్పడాలూ ఆ లెక్కలోనివే. ముప్పై దాటినవారు అప్పుడప్పుడు రక్తపోటు, చక్కెర చూపించుకోండి. రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉంటే తలనొప్పి లేదుగదా అని ఊరుకోవద్దు, అది చప్పుడు చేయకుండానే హాని చేస్తుంది. డాక్టరును అడగకుండా మాత్రలు మానవద్దు. రోజూ ఒక అరగంట చురుగ్గా నడవండి.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఈ పేజీని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ముఖ్యంగా "నాకేమవుతుందిలే" అనే పెద్దవారికి. నాకు ఆ పని చేసే సమయం దాటిపోయింది. మీకింకా ఉంది.