కొలబద్ద మారితే

తెలుగునాటికి పొరుగునే ఉన్న బస్తరు ఒకప్పుడు ఒకే జిల్లా. దాని వైశాల్యం 39,114 చదరపు కిలోమీటర్లు; కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆ జిల్లా జనాభా సుమారు 22.7 లక్షలు. 2011 లెక్కలలో బస్తరు జిల్లా జనాభా సుమారు 14.1 లక్షలు. ఈ రెండు అంకెలనే పక్కపక్కన ఉంచి చూచినవారికి, ఇరవై ఏండ్లలో ఎనిమిది లక్షలకు పైగా జనం తరిగిపోయారని తోచక మానదు.

తరిగింది జిల్లాయే గాని జనం కాదు. 1998లో కాంకేర్, దంతెవాడ, 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్ వేరు జిల్లాలైనాయి. ఈ నాలుగింటినీ బస్తరుతో కలిపితే 2011 జనాభా సుమారు 30.9 లక్షలు. అనగా పాత ఎల్లల మేరకు జనాభా ఎనిమిది లక్షలకు పైగా పెరిగింది. బడులకు, ఆసుపత్రులకు ఏర్పాట్లు చేసేవారు మొదటి లెక్కనే నమ్ముకుంటే నష్టపోయేది అడవి పల్లెల ప్రజలే.

కంప్యూటర్ల విషయంలోనూ ఇదే చిక్కు. ఒక తరం ప్రాసెసర్ కంటె తరువాతి తరానిది ఎన్ని రెట్లు వేగమో తేల్చడానికి రెండింటిచేతా ఒకే పని చేయించి, పట్టిన కాలాన్ని కొలుస్తారు. ఇట్టి పరీక్షలను నిర్ణయించడానికి 1988లో అమెరికాలో ‘స్పెక్’ సంస్థ ఏర్పడింది. దాని తొలి పరీక్షలలో ‘మాట్రిక్స్ 300’ అనే గణితపు పరీక్ష ఒకటి. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్లు కొలది కాలానికే ఆ లెక్కను మెమరీకి అనువైన వరుసలో పేర్చడం నేర్చాయి. ప్రాసెసర్ మారకుండానే ఫలితం అనేక రెట్లు పెరిగింది! 1992 నాటి పరీక్షలలో దానికి చోటు దక్కలేదు.

పాత ప్రాసెసర్‌కు పాత కంపైలర్‌తో, కొత్తదానికి కొత్త కంపైలర్‌తో వచ్చిన ఫలితాలను పోలిస్తే, కంపైలర్ ఘనత కూడా ప్రాసెసర్ ఖాతాలోనే పడుతుంది. అట్లని రెండింటికీ పాత ప్రోగ్రామునే ఇస్తే, కొత్త ప్రాసెసర్‌లో చేర్చిన సదుపాయాలు వినియోగం కాక దానికి అన్యాయం జరుగుతుంది. మొదటి పద్ధతి కొనుగోలుదారుకు దక్కే మొత్తం లాభాన్ని చూపుతుంది. రెండవది ప్రాసెసర్‌లో వచ్చిన మార్పును మాత్రమే చూపుతుంది. రెండూ అవసరమే. అయితే ఏది కొలిచారో చెప్పకుండా అంకెను మాత్రం ప్రకటించడం న్యాయం కాదు.

బస్తరులో 2012లో కొండగావ్, సుక్మా కూడా వేరు జిల్లాలైనాయి. కనుక 2011 తరువాతి లెక్కలను 1991తో పోల్చదలచినవారు ఏడు జిల్లాలను కలిపి చూడాలి. అంకెల పోలికకు ముందు ఎల్లల పోలిక అవసరం.